కత్తెర పట్టే ముందు

(పాత బట్టల్ని ఇంట్లోనే తిరిగి కుట్టుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు)

ప్రశ్న: ఈ మధ్యే మిషన్ కొనుక్కుని కుట్టు నేర్చుకుంటున్నాను. సంచులు, దిండు గలీబులు కుట్టగలుగుతున్నాను. మావారి పొడుగు చేతుల నూలు చొక్కాలు నాలుగున్నాయి. కాలర్ దగ్గర అరిగాయి గానీ మిగతా బట్ట గట్టిగానే ఉంది. వాటితో మా మూడేళ్ల పాపకు గౌన్లు కుట్టాలని ఆశ. తీరా కత్తెర పట్టుకుంటే చేయి ఆడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: చేయి ఆడకపోవడం మంచిదేనమ్మా. నాలుగింటిలో బాగా అరిగిన చొక్కా ఒకటి తీసుకుని, కోయకుండా విప్పడం మొదలుపెట్టండి. నా దగ్గరికి కుట్టు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ముందు విప్పడమే నేర్పుతాను. ఏ ముక్కను ముందు అతికారు, ఏది ఆఖరున అతికారు, కాలర్ లోపల గట్టిదనానికి ఏం పెట్టారు, చంక వంపులో చేతి ముక్కను ఎలా ఇమిడ్చారు అన్నవన్నీ విప్పుతుంటే వరసగా కళ్లకు కడతాయి. ఒక్క చొక్కా పూర్తిగా విప్పినవాళ్లకు రెండో చొక్కాను ఎక్కడ కోయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

కుట్టిన వరసకు తిరుగు వరసలో విప్పండి. మొదట మణికట్టు దగ్గరి కఫ్‌లు. తర్వాత చేతి కింద మొదలై నడుము పక్కగా అంచు దాకా పోయే పొడుగు కుట్టు. ఆపైన చేతులు, కాలర్, ఆఖరున భుజాలు. కుట్లు విప్పే పరికరంతో ఒకవైపు ప్రతి మూడు నాలుగు కుట్లకు ఒకటి తెంపుకుంటూ పోండి. బట్ట తిప్పి రెండోవైపు దారం లాగితే పొడుగ్గా ఊడి వస్తుంది. రెండు ముక్కలూ పట్టుకుని పరపరా లాగకండి, బట్ట పోగులు సాగి అంచు వంకర పోతుంది. చాలా చొక్కాలకు పక్క కుట్టు రెండు వరసల్లో, కోసిన అంచు ఎక్కడా కనపడకుండా మడిచి వేసి ఉంటుంది. దాన్ని విప్పుతూ పూటంతా కూర్చోకండి, కుట్టు వెంబడే కోసేయండి. అర అంగుళం బట్ట పోతే పోయింది. ఆ వరస లోపలివైపు గొలుసులా కనపడితే కోయాల్సిన పని కూడా లేదు. చివర సరైన దారం దొరికిందంటే ఒక్క లాగుకు మొత్తం వచ్చేస్తుంది.

గుండీలన్నీ ఒక దారానికి గుచ్చి దాచుకోండి. ప్రతి ముక్క మీదా రంగు దారంతో పై వైపు ఏదో గుర్తు పెట్టండి. తర్వాత ఉతికి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ పెట్టెను బట్ట మీద జరపకుండా, ఎత్తి పెట్టి, మళ్లీ ఎత్తి పెట్టాలి. జరిపితే ఏటవాలు అంచులు సాగిపోతాయి. ఇప్పుడు ఒక్కో ముక్కనూ కిటికీ వెలుగుకు ఎత్తి చూడండి. మోచేతుల దగ్గర, భుజం మీద, చంక కింద వెలుగు ఎక్కువగా దిగిన చోట బట్ట పలచబడిందన్న మాట. అక్కడ చాక్‌తో గీసి వదిలేయండి. ఆ భాగం గౌనులోకి వెళ్లకూడదు. మిగిలిన బట్ట మాత్రం నా దృష్టిలో కొత్త తాను కంటే మేలు. ఎన్నోసార్లు ఉతికినది కాబట్టి ఇక కుదించుకుపోదు, రంగు దిగదు, పిల్లల ఒంటికి మెత్తగా ఉంటుంది.

గౌను కొలత కోసం పాపకు ఇప్పుడు సరిపోతున్న గౌను ఒకటి తెచ్చి, చొక్కా వెనక భాగం మీద పరిచి చుట్టూ గీయండి. పక్కలకు ముప్పావు అంగుళం, కింద మడతకు రెండు అంగుళాలు వదలండి, ఎదిగే పిల్ల కదా. గౌను నిలువు, చొక్కా నిలువు ఒకే దిక్కుకు ఉండాలి. పడుగు పోగులు, అంటే నేతలోని నిలువు పోగులు, పైనుంచి కిందికి పోతేనే గౌను తిన్నగా వేలాడుతుంది. బట్ట మిగుల్చుకుందామని అడ్డంగానో ఏటవాలుగానో కోస్తే రెండు ఉతుకులకే ఒక పక్కకు తిరిగిపోతుంది. చొక్కా ముందు భాగం, గుండీల పట్టీతో సహా, గౌనుకు వీపు అవుతుంది. కాజాలు కుట్టే బాధ తప్పింది, పాపకు తొడగడమూ సులువు. మెడకు పట్టీ కావాలంటే చేతుల్లో మిగిలిన బట్టను సరిగ్గా 45 డిగ్రీల ఏటవాలుగా, అంగుళంపావు వెడల్పున కోయండి. ఏటవాలు పట్టీ సాగుతుంది కాబట్టి మెడ వంపులో ముడతలు లేకుండా కూర్చుంటుంది.

ఇంకొక మాట. నాలుగు చొక్కాలూ కోయాల్సిందేనా? కాలర్ ఒక్కటే అరిగితే ఆ చొక్కాకు ఇంకా ఆయుష్షు ఉంది. మెడపట్టీలో దూరి ఉన్న కాలర్‌ను విప్పి, తిరగేసి, అదే చోట మళ్లీ కుట్టండి. అరిగిన వైపు మడత కిందికి పోతుంది, అరగని వైపు పైకి వస్తుంది. విప్పకముందే కాలర్ నడిమధ్యన, మెడపట్టీ నడిమధ్యన చిన్న గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఒక కొన పొడుగు, ఒక కొన పొట్టి అవుతాయి. కాలర్ కొనల్లో ప్లాస్టిక్ పుల్లలు దూర్చే సందులుంటే తిరగేశాక అవి పైకి కనపడతాయి, ముందే చూసుకోండి. ఈ పని నేర్చుకుంటే మీవారి రెండు చొక్కాలు మిగులుతాయి, పాపకు రెండు గౌన్లు వస్తాయి.

ప్రశ్న: కుట్టడం మొదలుపెట్టగానే బట్ట కింద దారం ఉండలు కట్టేస్తోంది. బాబిన్ మార్చాను, బాబిన్ కేసు మార్చాను, దారం మార్చాను. మిషన్ పాడైనట్టేనా?

జవాబు: ఉండ కిందే కనపడుతుంది కాబట్టి అందరూ కిందే వెతుకుతారు. తప్పు దాదాపు ఎప్పుడూ పైదారంలో ఉంటుంది. సూది కిందికి దిగినప్పుడు పైదారం బాబిన్, అంటే కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రం, చుట్టూ తిరిగి వస్తుంది. దాన్ని వెంటనే పైకి లాగి బిగించాలి. ఆ బిగింపు, మిషన్ మీద పైదారాన్ని నొక్కి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య దారం నలిగితేనే వస్తుంది. నలగకపోతే దిగిన దారమంతా కిందే పోగుపడుతుంది. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషన్ దగ్గర్నుంచీ రెండు దారాల కుట్టు నడిచే తీరు ఇదే.

కాబట్టి పైదారం మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ఫుట్, అంటే బట్టను నొక్కి పట్టే పాదం, పైకి ఎత్తి ఉండాలి. ఫుట్ దించి ఉంటే బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు పోకుండా పైపైన ఉండిపోతుంది. దారాన్ని పైకీ కిందికీ ఆడించే కొక్కెంలోంచి కూడా పోయిందో లేదో చూడండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొనలూ వెనక్కి పట్టుకుని మొదటి నాలుగైదు కుట్లు వేయండి. ఇంతలో తీరిపోయే చిక్కుకు మిషన్‌ను మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ప్రశ్న: నాకు జీన్స్ అంటే ప్రాణం. ఒకటి మోకాలి దగ్గర పోయింది, ఇంకొకటి పొడుగైంది. మా మిషన్ మీద మందమైన చోట సూది విరిగిపోతోంది. మాసిక వేస్తే అసహ్యంగా ఉంటుందని భయం.

జవాబు: పోయిన మోకాలిని దగ్గరగా చూశారా? అడ్డంగా తెల్లటి పోగులు మిగిలి ఉంటాయి. జీన్స్ బట్టలో పడుగు నీలం, పేక (అడ్డపోగు) తెలుపు. ఒక్కో పడుగు పోగు మూడు పేకల మీదుగా పోయి ఒకదాని కింద దూరుతుంది. అందుకే పైన నీలంగా, లోపల తెల్లగా కనిపిస్తుంది. పైకి తేలి ఉన్న పడుగే ముందు అరిగి తెగిపోతుంది, పేక మిగిలిపోతుంది. ఆ తెల్లపోగుల్ని కత్తిరించకండి, మీ మాసికకు అవే ఆధారం. మరో పాత జీన్స్‌లోంచి చిరుగు కంటే అన్ని వైపులా అంగుళమైనా పెద్ద ముక్క కోసి, లోపలివైపు నుంచి, నిలువుకు నిలువు కలిసేట్టు పెట్టి టాకాలు వేయండి. ఆపైన నీలం దారంతో పైనుంచి కిందికి దగ్గర దగ్గరగా వరసలు కుట్టుకుంటూ రండి. పోయిన పడుగును మీరు తిరిగి వేస్తున్నారన్న మాట. చిరుగు దాటి గట్టి బట్టలోకి అర అంగుళం పోయాకే వరస తిప్పాలి. వరసలన్నీ ఒకేచోట ఆగితే అక్కడే కొత్త చిరుగు పుడుతుంది, ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పొట్టి వేయండి. మోకాలు కాలి గొట్టం మధ్యన ఉంటుంది కాబట్టి మిషన్ ఫుట్ అందదు. లోపలి పక్క కుట్టును జానెడు విప్పి బట్టను చదునుగా పరుచుకోండి. అది బద్ధకించి చేసిన మాసికే అసహ్యంగా ఉంటుంది.

సూది సంగతి. పొట్లం మీద 90/14, 100/16 అని రాసి ఉంటుంది. 100 అంటే సూది కాడ మందం ఒక మిల్లీమీటరు. మామూలు నూలు బట్టకు 80 చాలు, జీన్స్‌కు 100 కావాలి, అదీ జీన్స్ సూది అని రాసి ఉన్నది. కాలి అంచు మడిచినప్పుడు పక్క కుట్టు దగ్గర బట్ట ఎనిమిది పొరలు దాటుతుంది. కుట్టే ముందు ఆ గుబ్బ మీద గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అణచండి. ఫుట్ గుబ్బ ఎక్కేటప్పుడు ముందు పైకి లేస్తుంది, వెనక వాలుతుంది. వెనకవైపు కింద మడిచిన అట్టముక్క పెట్టి ఎత్తు సమం చేయండి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ నాలుగు కుట్లూ వేయండి, సూది విరగదు. జేబు మూలల్లోని రాగి రివెట్ల దగ్గరికి మాత్రం సూదిని పోనివ్వకండి. అవి 1873 మే 20న జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ పేటెంటు పొందిన రివెట్లు. ప్యాంట్లు చిరిగేది ముందుగా జేబు మూలల్లోనే అని కనిపెట్టి వాటిని పెట్టాలనుకున్న డేవిస్ వృత్తికి దర్జీ. మిగిలిన జీన్స్‌తో సంచి కుడితే, పట్టీ అతికే చోట చతురస్రం కుట్టి దాని మధ్య అడ్డగీతలు వేయండి. బరువు అక్కడే పడుతుంది.

ప్రశ్న: నాకెంతో ఇష్టమైన డ్రెస్సు ఛాతీ దగ్గర, చేతుల దగ్గర బిగుతైపోయింది. ఒళ్లు తగ్గాక వేసుకుందామని దాచాను.

జవాబు: దాచకండి, ఇప్పుడే వేసుకోండి. లోపల మార్జిన్, అంటే కుట్టు అవతల వదిలిన బట్ట, ఎంత ఉందో చూడండి. రెండు పక్కలా అర అంగుళం చొప్పున వదిలితే చుట్టుకొలతకు రెండు అంగుళాలు వస్తుంది, ఎందుకంటే ఒక్కో పక్కా ముందు ముక్క నుంచి అర, వెనక ముక్క నుంచి అర కలుస్తాయి. పాత కుట్టు బెజ్జాలు నూలు బట్టలో అయితే తడిపి గోటితో రెండు వైపులా రుద్దితే పూడుకుంటాయి. పట్టులో ఆ గుర్తులు ఉండిపోతాయి. మార్జిన్ లేకపోతే చంక కింద చతురస్రపు ముక్క ఒకటి చేర్చండి. చెయ్యి, పక్క కలిసే చోట కుట్టు రెండున్నర అంగుళాల మేర విప్పి, ఆ సందులో ఆ ముక్కను మూల కిందికి వచ్చేలా పెట్టి కుట్టాలి. చెయ్యి ఎత్తినప్పుడే అది కనపడుతుంది. రంగు కలవకపోతే డ్రెస్సు కింది అంచు లోపలి మడతలోంచి కోయండి, అక్కడ బట్ట వెలిసి ఉండదు.

ప్రశ్న: టీషర్టు కుడుతుంటే మధ్యమధ్యలో కుట్టు పడటం లేదు.

జవాబు: సూది మార్చండి. అల్లిక బట్టకు మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాలి. మామూలు సూది పోగును పొడుస్తుంది, ఇది పోగుల మధ్య నుంచి తప్పుకుని పోతుంది. సన్న జిగ్‌జాగ్ వేయండి, బట్ట సాగినప్పుడు దారం తెగదు. బట్టను మీరు లాగకండి.

ప్రశ్న: బ్యాగు జిప్పు మూసినా వెనకనుంచి తెరుచుకుపోతోంది. మొత్తం మార్చాలా?

జవాబు: పళ్లు అన్నీ ఉంటే మార్చక్కర్లేదు. అరిగింది జిప్పును లాగే ముక్క. జిప్పు పూర్తిగా తెరిచి, ఆ ముక్క రెండు పక్కల్నీ శ్రావణంతో ఒక్కొక్కటిగా కొద్దిగా నొక్కండి, లాగి చూడండి, చాలకపోతే ఇంకాస్త. ఒకేసారి గట్టిగా నొక్కితే విరుగుతుంది.

ప్రశ్న: హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మిషన్ లేదు. చేత్తో కుట్టిన బట్ట నిలుస్తుందా?

జవాబు: నిస్సందేహంగా నిలుస్తుంది. మిషన్లు ఇళ్లలోకి వచ్చి ఇంకా రెండు శతాబ్దాలు కాలేదు. అంతకుముందు లోకంలోని బట్టలన్నీ చేతి కుట్టే కదా. బరువు మోసే చోట ముందుకు ఒక కుట్టు వేసి, సగం వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు పోయే కుట్టు వేయండి. ఒకచోట తెగినా వరసంతా ఊడదు. దారం మీ వేలి కొస నుంచి మోచేయి దాటి ఒక జానెడు ఉంటే చాలు, అంతకంటే పొడుగైతే చిక్కు పడుతుంది. మైనం ముక్క మీద ఒకసారి లాగి, వేళ్ల మధ్య సాగదీసి వాడండి. వేలికి తొడుగు పెట్టుకోండి. మొదటి పనిగా ఒక పాత టీషర్టు వద్దు, సాగే బట్ట చేత్తో లొంగదు. ఒక నూలు ప్యాంటు కాలు మోకాలి పైన కోసి, అడుగు మూసి, పైఅంచు మడిచి నాడా దూర్చి పుస్తకాల సంచి కుట్టండి. అడుగు కుట్టు రెండు వరసలు వేయండి.