బ్యాంకు పరీక్షకి ఈ వింత ఇంగ్లీషు పదాలన్నీ అవసరమా?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ రాశారు. అమ్మాయి డిగ్రీ రెండో ఏడు, ఇంట్లో తెలుగు, బడిలో చదివిందంతా ఒడియా మీడియం. బ్యాంకు పరీక్షలు, ఎస్సెస్సీ (పదో తరగతి కాదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టేవి) పరీక్షల కోసం రోజూ ముప్పై వింత ఇంగ్లీషు పదాలు నోట్‌బుక్‌లో రాసి బట్టీ పడుతోందట, తెల్లారేసరికి సగం మర్చిపోయి టెన్షన్ పడుతోందట.

ముందు ఆ నోట్‌బుక్ మూయించండమ్మా. మీరు పంపిన ఫొటోలో 'డిఫెనెస్ట్రేట్' ఉంది, అంటే మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయడం! 1618లో ప్రాగ్ కోటలో అధికారుల్ని నిజంగానే అలా విసిరేశారు, సరే, బ్యాంకు పరీక్షలో దానితో ఏం పని? బ్యాంకు ఆఫీసర్ పోస్టులకి పెట్టే ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్యాసేజీ అర్థం చేసుకోవడం, వాక్యంలో తప్పు పట్టడం, ఖాళీ పూరించడం, ఎక్కువగా ఇవే.

ఎస్సెస్సీ సంగతి వేరు. డిగ్రీ వాళ్లు రాసే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టియర్-1లో 25 ఇంగ్లీషు ప్రశ్నలకి 50 మార్కులు, పదాల అర్థాలు నేరుగా అడుగుతారు, తప్పు పెడితే అర మార్కు కోత. దానికైనా పాత పేపర్లలో వచ్చిన పదాలతో మొదలుపెట్టమనండి, అవి కూడా విడివిడిగా కాదు, మూలం పట్టుకుని. 'సోమ్నాంబులిస్ట్' అంటే నిద్రలో నడిచేవాడు. లాటిన్‌లో సోమ్నస్ నిద్ర, ఆంబులారే నడవడం. ఆ మొదటి సగంలోంచే నిద్రపట్టని ఇన్‌సోమ్నియా, రెండో సగంలోంచి, నమ్మండి, మన 108 ఆంబులెన్స్. ఇక వేరే పేజీలో రాసుకోవాల్సినవి చూడగానే మోసం చేసేవి: 'నాయిసమ్'కి గోలతో సంబంధం లేదు, కంపు కొట్టేది అని అర్థం, 'ఎనర్వేట్' అంటే ఎనర్జీ ఇవ్వడం కాదు, నీరసపెట్టడం, 'రెస్టివ్' అంటే రెస్టు తీసుకునేవాడు కాదు, కుదురు లేనివాడు. ఒక్కోదానితో సొంతంగా ఒక వాక్యం రాయాలి, ఉత్త అర్థం రాసుకుంటే నిలవదు.

మిగిలిన టైమ్ తెలుగుకి ఇవ్వండి. మీరు అడగలేదు గానీ సరిహద్దు పిల్లలకి అసలు ఇబ్బంది ఇక్కడే. స్టేట్ బ్యాంక్ క్లర్కు పోస్టుకి ఏ రాష్ట్రానికి అప్లై చేస్తే అక్కడి భాష రావాలి. పదో తరగతి మార్కుల లిస్టులో ఒడియా ఉంటే ఒడిశాకి భాషా పరీక్ష ఉండదు. ఆంధ్రాకి పెడితే మాత్రం తెలుగు చదవడం, రాయడం కూడా చూస్తారు, ఇంట్లో మాట్లాడేది ఒక్కటీ సరిపోదు. మీరు తెలుగులో చక్కగా రాస్తున్నారు కదా, గుణింతాలు మీరే దిద్దించండి.