భ అంటే మైక్‌లో డబ్‌మంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నమస్తే సార్, మాది గుంటూరు బ్రాడీపేట. పిల్లల కథలు చదివి రికార్డ్ చేసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాను, ఈ మధ్యే ఒక యూఎస్‌బీ కండెన్సర్ మైక్ కొనుక్కున్నాను. గొంతు బాగానే వస్తోంది గానీ పాప, భయం, అప్పుడు లాంటి మాటలు వచ్చినప్పుడల్లా ఎవరో తలుపు బాదినట్టు డబ్ డబ్ మంటోంది. విజయవాడ రేడియో వింటూ పెరిగిన మా అమ్మమ్మ విని "కథ బాగుందే, మధ్యలో ఆ బాదుడేంటే" అంది. మైక్ ముందు పాప్ ఫిల్టర్ అనే పల్చటి గుడ్డ తెర పెట్టాలంటున్నారు. ఇంట్లో ఉన్నవాటితో చేసుకోవచ్చా? చేతిరుమాలు అడ్డం కట్టి చూశాను, గొంతు దుప్పట్లోంచి వచ్చినట్టుంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చేసుకోవచ్చమ్మా, బ్రహ్మాండంగా చేసుకోవచ్చు. ముందు మీ అమ్మమ్మగారి చెవికి దణ్ణం పెట్టాలి, 1948 డిసెంబర్ 1న మొదలైన రేడియో స్టేషన్ మనది, దాన్ని వింటూ పెరిగిన వాళ్లకి మాటలో ఎక్కడ తేడా ఉన్నా ఇట్టే తెలిసిపోతుంది.

ఆ డబ్ అనేది మీ గొంతు కాదు, గాలి. అరచెయ్యి నోటి ముందు బెత్తెడు దూరంలో పెట్టుకుని మ అనండి, తర్వాత భ అనండి. మ అన్నప్పుడు చేతికి ఏమీ తగల్దు, ఎందుకంటే ఆ గాలి ముక్కులోంచి పోతుంది. భ అన్నప్పుడు మూసిన పెదాలు ఒక్కసారి తెరుచుకుని గాలి ముద్దలా వచ్చి చేతికి కొడుతుంది చూడండి, అదే వెళ్లి మైక్‌లో ఉన్న పల్చటి పొరని గుద్దుతోంది. ప, ఫ, బ, భ నాలుగూ ఇంతే, వాటిలో ఒత్తక్షరాలు ఫ, భ ఇంకా గట్టిగా కొడతాయి. మన తెలుగులో ఇంకో సంగతుంది, అప్పుడు, చెప్పు, గొప్ప లాంటి మాటల్లో ప్ప దగ్గర పెదాలు ఇంకాసేపు మూసుకుని ఉంటాయి, లోపల గాలి ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా వదిలేస్తాం. కథ చెప్పేవాళ్లకి అప్పుడు, చెప్పాడు లేకుండా ఒక్క పేజీ అయినా నడుస్తుందా? అందుకే మీకు అంత ఎక్కువగా వస్తోంది.

కాబట్టి మనకి కావాల్సింది గాలిని చెదరగొట్టి శబ్దాన్ని మాత్రం వదిలేసే గుడ్డ. చేతిరుమాలు అలా కాదు, నేత దగ్గరగా ఉంటుంది, గాలితో పాటు గొంతులో ఉన్న పదును కూడా మింగేస్తుంది, స, శ మొద్దుబారిపోతాయి. దోమతెర ముక్కకి కన్నాలు మరీ పెద్దవి, ఒక్క పొర వేస్తే గాలి దూసుకెళ్లిపోతుంది, మూడు నాలుగు మడతలు వేస్తే కొంత నయం. పాత షిఫాన్ చున్నీ రెండు పొరలు పర్లేదు. నా ఓటు మాత్రం ఆడవాళ్లు వేసుకునే స్కిన్ కలర్ నైలాన్ సాక్స్‌కే, మీ పట్నం బజార్లో అయినా మా బీసెంట్ రోడ్డులో అయినా చవగ్గా దొరుకుతాయి. ఏ గుడ్డ తీసుకున్నా నేను చూసుకునేది ఒకటే, గుడ్డని సాగదీసి కళ్లముందు పెట్టుకుంటే అవతలున్నది కనపడాలి, నోటికి ఆనించుకుంటే ఊపిరి హాయిగా ఆడాలి.

ఇంక చెయ్యడం ఎలాగంటే, ఎంబ్రాయిడరీ చేసే గుండ్రటి ఫ్రేమ్ ఉంటుంది కదా, నాలుగైదు అంగుళాలది, దాంట్లో లోపలి రింగు ఒక్కటే తీసుకోండి. దిండుకి గలీబు తొడిగినట్టు ఆ రింగుకి సాక్స్ తొడిగెయ్యండి, మడమ దగ్గర మందంగా ఉండే భాగం పక్కకి జరిగేలా చూసుకోండి, మిగిలిన మూతి గట్టిగా లాగి రబ్బర్ బ్యాండ్ వేసెయ్యండి. ఇలా తొడిగితే ముందు ఒక పొర, వెనక ఒక పొర, మధ్యలో రింగు మందం ఎంతుందో అంత ఖాళీ వస్తుంది. మొదటి పొర దగ్గర చెదిరిన గాలి ఆ ఖాళీలో ఇంకాస్త నెమ్మదించి రెండో పొర దగ్గరికొచ్చేసరికి దాదాపు చచ్చిపోతుంది. షాపుల్లో అమ్మే వాటిల్లో కూడా చాలావాటికి ఇలా రెండు పొరలే ఉంటాయి. గుడ్డ ముడతలు లేకుండా బిగువుగా ఉంటే చాలు, డప్పులా మోగేంత లాగక్కర్లేదు.

నిలబెట్టడానికి బట్టలు తగిలించే ఇనప హ్యాంగర్ ఒకటి కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి తీగ సాపు చేసి, ఒక చివర రింగుకి ఇన్సులేషన్ టేపుతో చుట్టి, రెండో చివర బియ్యం పోసిన హార్లిక్స్ సీసాలో గుచ్చి మైక్ ముందు పెట్టుకోండి. మైక్ స్టాండుకే కట్టేస్తే పేజీ తిప్పేటప్పుడు చెయ్యి తగిలి ఆ కుదుపు కూడా రికార్డవుతుంది, సీసా విడిగా ఉంటే ఆ బాధ లేదు.

ఇప్పుడు అసలు సంగతి, దూరం. దీని గురించి నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నాను. కొత్తలో ఒక చిన్న స్టూడియోలో నాలుగు గంటలు కూర్చుని భక్తి ఉపన్యాసం రికార్డ్ చేశాం, ఫిల్టర్ ఉంది కదా అని ధీమాగా దాన్ని మైక్‌కి ఆనించేశాను. తీరా వింటే ప్రతి భగవంతుడికీ ఒక డబ్, మొత్తం మళ్లీ చదివించాల్సొచ్చింది, ఆ పెద్దాయన గొంతు అప్పటికే అలిసిపోయింది, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. గుడ్డ దాటిన గాలికి చెదిరిపోవడానికి కాస్త చోటుండాలి. మైక్‌కీ ఫిల్టర్‌కీ మధ్య బెత్తెడు, ఫిల్టర్‌కీ మీ నోటికీ మధ్య ఇంకో బెత్తెడు, మొత్తం మీద జానెడు కంటే కాస్త తక్కువ. అంతకంటే దగ్గరికెళ్తే డబ్‌మనడమే కాదు, మామూలుగా మనం వాడే మైకుల్లో గొంతు బరువుగా లావుగా కూడా వస్తుంది. దాంతో పాటు మైక్‌ని మీ పెదాలకి సూటిగా కాకుండా కొంచెం పక్కకి జరిపి మూల నుంచి మీ వైపు తిప్పండి, గాలి నేరుగా పోతుంది కాబట్టి మైక్ పక్క నుంచి వెళ్లిపోతుంది, గొంతు మాత్రం అన్ని వైపులకీ పరుచుకుంటుంది కాబట్టి చక్కగా అందుతుంది. నిజం చెప్పాలంటే గుడ్డ ఏదైనా సగం పని ఈ దూరం, ఈ పక్కకి తిప్పడమే చేసేస్తాయి.

పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కొందరు కొవ్వొత్తి పెట్టి చూపిస్తారు, నైలాన్ గుడ్డ దగ్గర నిప్పు వద్దమ్మా. సన్నటి టిష్యూ కాగితం ముక్క ఫిల్టర్ వెనక వేలాడదీసి "పప్పు, పులుసు, పెరుగు, భోజనం" అనండి, కాగితం ఎగరకపోతే మైక్‌కి కూడా గాలి తగల్నట్టే. వారానికోసారి ఆ సాక్స్ విప్పి సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి, నోటి తుంపర్లన్నీ దాని మీదే పడతాయి, లేకపోతే అవి మైక్ మీద పడేవి, కండెన్సర్ మైక్‌కి తేమ అస్సలు పడదు.

ఫ్యాన్ మాత్రం ఆపాల్సిందే, పైనుంచీ పక్కనుంచీ వచ్చే ఆ గాలిని ఈ గుడ్డ ఆపలేదు. మే నెలలో మన ఊళ్లలో ఫ్యాన్ లేకుండా పది నిమిషాలు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, తెల్లారుజామున ఐదింటికి లేచి చదివెయ్యండి, బండ్ల హారన్లు కూడా ఉండవు.

ప్రశ్న: మైక్‌తో పాటు స్పాంజ్ టోపీ ఇచ్చారు కదా, అది చాలదా అన్నా? నేను కాలర్ మైక్ కూడా వాడతాను.
– ఒక డిగ్రీ విద్యార్థి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: తమ్ముడూ, స్పాంజ్ బయట చిరుగాలికి బాగుంటుంది, బ్యారేజీ మీద నిలబడి వీడియో తీసేటప్పుడు తప్పకుండా వేసుకో. గదిలో దగ్గరగా మాట్లాడేటప్పుడు మాత్రం అది మైక్‌కి అంటుకునే ఉంటుంది కాబట్టి మధ్యలో ఖాళీ తక్కువ, గట్టి భ వస్తే దాటేస్తుంది. కాలర్ మైక్‌కి ఫిల్టర్ అక్కర్లేదు, ఛాతీ మీద గడ్డానికి జానెడు కింద పెట్టుకుంటే గాలి దాని పైనుంచే పోతుంది.

ప్రశ్న: ఇప్పటికే రికార్డ్ చేసేసిన దాంట్లో డబ్ తీసెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చాలావరకు తీసెయ్యొచ్చండి. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో హై పాస్ ఫిల్టర్ ఉంటుంది, అంటే మనం పెట్టిన హద్దు కంటే కింద ఉండే లోతైన శబ్దాల్ని తగ్గించేది, మొత్తం ఆడియోకి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, ఆడవాళ్ల గొంతయితే 100 దాకా వెళ్లినా నష్టం లేదు. ఇంకా మిగిలిన డబ్‌లు గ్రాఫ్‌లో లావుపాటి అలలా కనపడతాయి, ఆ చిన్న ముక్క వరకే సెలెక్ట్ చేసి 150 దగ్గర ఇంకోసారి వెయ్యండి. గంట ఆడియోకి ఇలా ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది, కాబట్టి తర్వాతి రికార్డింగ్‌కి మాత్రం పైన చెప్పిన సాక్స్ ఫిల్టర్ కట్టుకుని కూర్చోండి.