స్పితి ట్రెక్‌కు ఏ శాటిలైట్ ఫోన్ మంచిది?
బెంగళూరు నుంచి హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్తున్నాం, దుబాయ్‌లో ఉన్న బావగారు తురయా ఫోన్ తెస్తానంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు. వద్దని చెప్పేయండి. మన దేశంలో తురయా, ఇరిడియం ఫోన్లు నిషేధం. కెంపేగౌడ విమానాశ్రయంలో బ్యాగులో దొరికితే ఫోన్ పోవడంతో ఆగదు, కేసు కూడా పడొచ్చు.

చట్టబద్ధమైన దారి బీఎస్ఎన్ఎల్ ఇచ్చే ఇన్‌మార్‌శాట్ అనే శాటిలైట్ ఫోన్ సేవ. దానికీ టెలికాం శాఖ అనుమతి కావాలి. ఆ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అందుకే యాంటెన్నాను దక్షిణపు ఆకాశం వైపు తిప్పాలి. అటు కొండ అడ్డొస్తే సిగ్నల్ రాదు. మాట అవతలికి చేరడానికీ కాస్త ఆలస్యమవుతుంది, ఒకరు ముగించాకే రెండోవారు అందుకోవాలి.

నాలుగు రోజుల సరదాకు ఇంత తతంగం దండగే అంటాను. స్పితిలోని ముఖ్య పట్టణం కాజాలో మామూలు బీఎస్ఎన్ఎల్ సిమ్ పనిచేస్తుంది. అది తీసుకెళ్లండి, ఏ రాత్రి ఎక్కడ మకామో ఇంట్లో రాసిచ్చి వెళ్లండి.