జారుకోకండి, చెప్పే వెళ్ళండి

రెండేళ్ళ పాప మీరు కనబడకపోతే గుక్కపట్టి ఏడుస్తోందని, వచ్చే నెల మళ్ళీ ఆఫీసులో చేరాలని, క్రెష్‌లో దింపాక తను ఆటలో పడినప్పుడు చూడకుండా జారుకోమని అత్తగారు చెబుతున్నారని రాశారు. జారుకోకండి. పాప ఏడ్చినా సరే, ముఖం చూసి చెప్పే వెళ్ళండి.

మా అబ్బాయీ ఇంతే. బాత్రూమ్ తలుపు వేసుకుంటే చాలు, బయట కూర్చుని ఏడ్చేవాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళూ అదే సలహా ఇచ్చారు. మనవడి ఏడుపు చూడలేని ప్రేమే అది. కానీ చెప్పకుండా మాయమైతే ఆ పూటకు ఏడుపు తప్పుతుందేమో గానీ, అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియదన్న భయం బిడ్డలో పాతుకుపోతుంది. అప్పుడిక మీరు ఇంట్లో ఉన్నా చంక దిగదు.

ఈ బెంగ మామూలుగా ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలై, ఏడాది, ఏడాదిన్నర వయసులో బాగా ముదురుతుంది. చాలామంది పిల్లల్లో మూడేళ్ళు వచ్చేసరికి సర్దుకుంటుంది. కనబడకపోయినా అమ్మ ఎక్కడో ఉందని ఈ బెంగ ఉన్న వయసులో పిల్లలకు తెలుసు, ఎప్పుడొస్తుందో తెలియదు. మీ పెంపకంలో లోపమేమీ లేదు. "ముద్దు చేసి చెడగొట్టావు" అనేవాళ్ళ మాట అసలు పట్టించుకోకండి.

ఐదింటికి వస్తానంటే రెండేళ్ళ పిల్లకు ఏం తెలుస్తుంది? నేను రోజూ ఒకటే చెప్పేదాన్ని: "అన్నం తిని, బజ్జుని లేచి, పాలు తాగాక అమ్మ వచ్చేస్తుంది. వెళ్ళొస్తా నాన్నా." ఒక ముద్దు, ఆయమ్మ చేతికి అందించడం, గుమ్మం దగ్గర టాటా. అంతకు మించి సాగదీయకూడదు, ఏడుపు వినబడిందని వెనక్కి రాకూడదు. మొదటి రోజుల్లో గుండె పిండేసినట్టుంటుంది, నిజమే. పావుగంట తర్వాత ఫోన్ చేసి అడగండి, చాలాసార్లు అప్పటికే ఆటలో ఉంటారు. పాలు తాగాక వస్తానన్న మాట మాత్రం తప్పకండి. కొత్తలో ఆఫీసులో అడిగి అయినా కాస్త ముందే బయల్దేరండి.

మీకింకా నెల టైముంది కాబట్టి ఇప్పటినుంచే పాపతో క్రెష్‌కి వెళ్ళి కాసేపు కూర్చోండి. ఆయమ్మ మొహం, ఆ గది అలవాటయ్యాక చెప్పి కాసేపు బయటికెళ్ళి రండి, మెల్లగా ఆ వ్యవధి పెంచండి. ఇంట్లో దోబూచులాడండి. కనబడకుండా పోయిన అమ్మ మళ్ళీ కనబడుతుందని ఆ ఆటలోనే పిల్లలకు నమ్మకం కుదురుతుంది. మీరు కట్టుకున్న పాత నూలు చీర ముక్క, ఉతక్కుండా, సంచిలో పెట్టండి. మావాడు అది చెంపకి ఆనించుకునే పడుకునేవాడు.

బూచాడు వస్తాడు, పోలీసు పట్టుకుపోతాడు అని భయపెట్టడం ఇంట్లో ఎవరిచేతైనా సరే మాన్పించండి. అసలే బెదిరి ఉన్న బిడ్డ అది. అందరి ముందూ "ఇది వట్టి పిరికిది" అనడం కూడా వద్దు. మిక్సీ, కుక్కర్ విజిల్‌లాంటి భయాలుంటే ముందే చెప్పి వేయండి. మావాణ్ణి ఎత్తుకుని వాడి చేతే మిక్సీ ఆపించేవాళ్ళం, అలా ఆ భయం పోయింది.

సాయంత్రం మీ దగ్గరికొచ్చాక మరింత పేచీ పెట్టొచ్చు. రోజంతా ఆపుకున్నది మీ దగ్గరే కదా బయటపెట్టుకునేది! వంటకన్నా, ఫోన్‌కన్నా ముందు ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. జ్వరమొచ్చి తగ్గాకో, సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళొచ్చాకో ఏడుపు మళ్ళీ మొదలవుతుంది, కంగారు పడకండి.

గుక్కపట్టినప్పుడు పెదాలు నీలంగా మారినా, స్పృహ తప్పినా పిల్లల డాక్టరుకు తప్పక చూపించండి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, రక్తపరీక్షలో తెలిసిపోతుంది. నెల దాటినా క్రెష్‌లో తిండి, నిద్ర కుదరకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పేరు పెట్టి పిలిస్తే పలక్కపోయినా ఆలస్యం చేయొద్దు. మీకే దిగులు పట్టుకుని నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ అది, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.