మంగోలియా వస్తున్నారా? తిండి సంగతి ముందే వినండి

ఇక్కడి సైన్‌షాండ్ ఊరి దగ్గర మన దేశం ఇచ్చిన అప్పుతో చమురు రిఫైనరీ పనులు మొదలయ్యాక మనవాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. వీసా, చలి అయ్యాక అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, మాంసం తప్ప ఏమీ దొరకదటగా?"

రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఉన్నంతవరకు టెన్షన్ అక్కర్లేదు. బియ్యం, కూరగాయలు, ఇండియన్ హోటళ్లు, శాకాహారం పెట్టే చోట్లు అన్నీ ఉన్నాయి. ఊరు దాటి గడ్డిమైదానంలో ఎవరి గేర్‌లోనైనా, అంటే వాళ్ల గుండ్రటి గుడారం ఇంట్లో, కూర్చున్నప్పుడే అసలు సందేహాలు.

కూర్చోగానే వచ్చేది సూతే త్సాయ్. అచ్చుపోసిన టీ ఆకు ముక్క, నీళ్లు, పాలు, ఉప్పు వేసి కాస్తారు. పంచదార ఉండదు. మన చాయ్ అనుకుని గుటక వేస్తే ముఖం చిట్లిపోతుంది. పలచటి ఉప్పుచారు తాగుతున్నాననుకోండి, రెండో గిన్నెకే అలవాటైపోతుంది. గిన్నెను కుడిచేత్తో అందుకుని, ఎడమచేత్తో మోచేతిని పట్టుకోండి. వద్దనకూడదు. తాగలేకపోయినా పెదవులకు తాకించి పక్కన పెడితే ఎవరూ ఏమనుకోరు.

నా సలహా ఒక్కటే: పాలపదార్థాలతో మొదలుపెట్టండి. పెరుగు లేనిదే ముద్ద దిగని మనకు ఇక్కడ వేసవి పండగే. తరగ్ అనే పెరుగు, ఓరమ్ అనే మందపాటి మీగడ మనవాళ్లకు వెంటనే నచ్చుతాయి. బ్రెడ్ మీద ఓరమ్ రాసుకుని, పైన కాస్త పంచదార చల్లి తినండి. ఆరూల్ మాత్రం కొరకొద్దు. ఎండబెట్టిన పెరుగు గడ్డ అది, రాయిలా ఉంటుంది. బుగ్గన పెట్టుకుని నానబెట్టాలి. గోబీ ఎడారి వైపు ఉంటే ఒంటెపాలను పులియబెట్టిన ఖోర్మొగ్ కూడా దొరుకుతుంది.

ఇక ఐరగ్. గుర్రప్పాలను ఖోఖూర్ అనే తోలుసంచిలో పోసి, కర్రతో వేలసార్లు చిలికి పులియబెడతారు. ఈ పద్ధతిని 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పుల్లగా, నురగనురగగా, నాలుకను చురుక్కుమనిపిస్తూ ఉంటుంది. కొంచెం ఆల్కహాల్ కూడా ఉంటుంది కాబట్టి మందు ముట్టనివాళ్లు, డ్రైవింగ్ చేసేవాళ్లు గుర్తుంచుకోండి. వేసవి చివర్లోనే బాగా దొరుకుతుంది. మొదటిరోజు పెద్ద గిన్నె ఖాళీ చేశారా, కడుపు కచ్చితంగా మాట్లాడుతుంది! ఇంటివాళ్లు దానికి నవ్వుతారు, కడుపు శుభ్రమైందంటారు.

మాంసానికి వస్తే, ఉప్పు, ఉల్లి తప్ప మసాలా ఉండదు. పిండిలో మాంసం కూరి ఆవిరిమీద ఉడికించే బూజ్, జులై 11న మొదలయ్యే నాదమ్ పండగలో అలాగే మాంసం కూరి నూనెలో వేయించే ఖూషూర్, మాంసాన్ని వేడిరాళ్లతో కలిపి వండే ఖోర్ఖోగ్: మూడూ బాగుంటాయి, కొవ్వు మాత్రం ఎక్కువ. గొడ్డుమాంసం, గుర్రం మాంసం తిననివాళ్లు ముందే అడగాలి. ఖోనీ మఖ్ గొర్రె, ఉఖ్రీన్ మఖ్ గొడ్డు, అదూనీ మఖ్ గుర్రం. బూజ్‌లో రెండు మాంసాలు కలపడం మామూలే.

శాకాహారులు "బి మఖ్ ఇద్దెగ్గుయ్" (నేను మాంసం తినను) అంటే సరిపోదు. ముక్కలు తీసేసి అదే పులుసు పోసిస్తారు, ప్రేమతోనే. టీ కూడా చాలాచోట్ల మాంసం ఉడికిన మూకుడులోనే కాస్తారు. అంత పట్టింపు ఉన్నవాళ్లు సొంత చిన్న స్టవ్, అటుకులు, పొడులు వెంట ఉంచుకోవడమే దారి. కారప్పొడి చల్లుకోండి, కానీ మీ గిన్నెలోనే. వాళ్ల కుండలో వేశారంటే ఇంట్లో పిల్లలకు ఆరోజు తిండి ఉండదు.

పచ్చిపాలు తాగకండి, కాచినవే అడగండి. తర్‌వగ అనే బొరియల జంతువు మాంసం ఎంత ఆత్మీయులు పెట్టినా ముట్టొద్దు. వేటకు నిషేధం ఉంది, పైగా దానివల్ల ప్లేగు సోకి చనిపోయినవాళ్లున్నారు. అక్కడ మాత్రం మొహమాటపడకండి.