గవదబిళ్ళలకు బంగారు గొలుసు, అమ్మవారికి వేపాకు: ఈ పాత చిట్కాలు నిజంగా పనిచేస్తాయా?

అంటువ్యాధులకు మన పెద్దలు చేసిన ఇంటివైద్యంలో పస ఉందా అని అడిగారు. నేను గమనించినంతలో, ఎక్కువ పేరు తెచ్చుకున్న చిట్కాలన్నీ వాటంతట అవే తగ్గిపోయే జబ్బులకు సంబంధించినవే. గవదబిళ్ళలు, ఆటలమ్మ, కళ్ళకలక వంటివి మందు వేసినా వేయకపోయినా చాలామందికి కొద్ది రోజుల్లోనే నెమ్మదిస్తాయి. నెమ్మదించిన రోజున ఒంటిమీద ఏ ఆకు ఉంటే ఆ ఆకుకు పేరు వస్తుంది.

నా చిన్నతనంలో మా వీధిలో గవదబిళ్ళలు ఇంటింటికీ పాకాయి. నాకు దవడ మూలన వాచి, చింతపండు పులుసు నోట్లో పడితే చెవి కింద సూదితో పొడిచినట్లుండేది. వాపు మీద బంగారం ఆనితే తగ్గుతుందని అందరూ అన్నారు కానీ, మా ఇంట్లో అమ్మ మెడలోని పుస్తెలు తప్ప బంగారం లేదు. పక్కింటి పిన్నిగారు తన రెండుపేటల గొలుసు తెచ్చి నా మెడలో వేసి, కొక్కెం ఊడిపోకుండా ఎర్రదారంతో ముడివేశారు. రాత్రంతా రోగం కన్నా గొలుసు పోతుందన్న భయమే నన్ను ఎక్కువ పీడించింది. దాన్ని గుప్పిట్లో పట్టుకునే పడుకున్నాను. నాకు తగ్గగానే ఆ గొలుసు ఎదురింటికి, అక్కడి నుంచి మూలమీది ఇంటికి, అలా రోగం వెనకాలే వీధంతా తిరిగింది. ఆ గొలుసుకు హస్తవాసి ఉందన్నారు. గొలుసు అందని ఇంటి పిల్లవాడికీ మాకు పట్టినన్ని రోజులకే తగ్గిందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఎదురింట్లో కాలేజీలో చదివే అబ్బాయికి గొలుసు మెడలో ఉండగానే వృషణాలు వాచి, తీవ్రమైన జ్వరం వచ్చింది. యుక్తవయసు దాటిన మగవారికి గవదబిళ్ళలు వస్తే అలా జరగడం వైద్యులకు తెలిసిన విషయమే. పెద్దలు దాని గురించి గుసగుసలాడారే కాని, గొలుసును ఒక్కరూ తప్పుపట్టలేదు.

ఇంతకన్నా నాకు బాధ కలిగించేది మరొకటి ఉంది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో తట్టుకు, రుబెల్లాకు ఉంది గాని గవదబిళ్ళలకు లేదు. ఆ మూడింటికీ కలిపి ఉన్న ఎం.ఎం.ఆర్. టీకాను పిల్లల వైద్యుణ్ణి అడిగి విడిగా వేయించుకోవాలి. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులకు కూడా గొలుసు సంగతి తెలుసు.

అమ్మవారు పోసినప్పుడు గుమ్మానికి వేపమండ కట్టి, బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టి, బయటివారిని రానివ్వకపోవడం మాత్రం నాకు నచ్చుతుంది. గోళ్ళతో గీరుకోకుండా వేపరెమ్మతో మెల్లగా నిమరడం కూడా మంచిదే, ఎందుకంటే గీరితే పొక్కులు చీముపట్టి మచ్చలు పడతాయి. అయితే ఆటలమ్మ పొక్కులు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకుంటుంది, కాబట్టి మండ కట్టేసరికే బడిలో పక్కన కూర్చున్నవాడికి చేరిపోయి ఉండవచ్చు. మశూచి పోయింది కూడా వేపాకు వల్ల కాదు. తరతరాలుగా గుమ్మాలకు మండలు కడుతూనే ఉన్నా పోనిది, ఊరూరా టీకాలు వేయగా మన దేశంలో 1975లో ఆగిపోయింది. ప్రపంచమంతటా పోయిందని 1980లో ప్రకటించారు.

పచ్చకామెర్లకు మణికట్టు మీద వాతలు పెట్టడాన్ని, కళ్ళకలకకు ఆకుపసరు పిండడాన్ని నేను ఏమాత్రం సమర్థించను. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఆ ఘనత పసరుమందుకూ ఉప్పులేని పత్యానికీ దక్కుతుంది. హెపటైటిస్ బి వల్ల వచ్చినవైతే అన్నిసార్లూ అలా పోవు, రక్తపరీక్ష లేకుండా ఏది ఏదో పసరు పోసేవారికి తెలిసే మార్గం లేదు.

నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే ఇంటివైద్యం ఒక్కటే, వాంతులు విరేచనాలకు ఉప్పు వేసిన గంజి. గంజిలోని పిండిపదార్థం పేగుల్లో చక్కెరగా మారి, ఉప్పును, దానితోపాటు నీటిని ఒంటికి పట్టిస్తుంది. బియ్యపు పిండితో చేసిన ఓ.ఆర్.ఎస్. కలరా రోగుల్లో బాగా పనిచేస్తుందని పరీక్షల్లో కూడా తేలింది. ఇంత మంచి చిట్కా చేతిలో ఉండగా, లంఖణం పరమౌషధం అంటూ విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ముందుగా ఆ గంజినే మాన్పించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.