చేయి వణుకు: పార్కిన్సన్స్ అని తేల్చేముందు గ్యాస్ మాత్ర పేరు చూడండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా అమ్మ వయసు 64 ఏళ్లు. ఖాదీ నూలు వడుకుతుంది. పదేళ్లుగా రెండు చేతులూ వణుకుతున్నాయి, టీ గ్లాసు పట్టుకుంటే తొణికిపోతుంది. మా తాతగారికీ ఇలాగే ఉండేది. ఎనిమిది నెలలుగా కుడి చేయి ఒళ్లో ఊరికే పెట్టుకున్నా వణుకుతోంది, నడక నెమ్మదించింది. ఒక డాక్టరు ఎసెన్షియల్ ట్రెమర్ అన్నారు. మరొకరు పార్కిన్సన్స్ అని మాత్రలు రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు. గ్యాస్ ఉందని ఏడాదిగా రోజూ పరగడుపున ఒక క్యాప్సూల్ వేసుకుంటోంది. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరు డాక్టర్లూ చెప్పింది నిజమే కావచ్చు. పదేళ్లనాటి వణుకు, ఎనిమిది నెలలనాటి వణుకు ఒకటి కాకపోవచ్చు.

గ్లాసు ఎత్తినప్పుడు, దారం తీస్తున్నప్పుడు, అంటే చేతికి పని చెప్పినప్పుడు రెండు వైపులా కనిపించేది, కుటుంబంలో ముందు తరానికీ ఉన్నదీ ఎసెన్షియల్ ట్రెమర్ లక్షణమే. కొందరిలో తల, గొంతు కూడా వణుకుతాయి. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా ఒక వైపే మొదలై, చేయి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. అయితే వణుకు ఒక్కటే చూసి ఆ జబ్బును నిర్ధారించరు. కదలికల్లో మందకొడితనం తప్పనిసరిగా ఉండాలి. బొటనవేలిని, చూపుడువేలిని పదేపదే తాకించమంటే ఆ కదలిక పోనుపోను చిన్నదైపోవడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, రాత అంతకంతకూ చిన్నదవడం, వాసన తెలియకపోవడం, నిద్రలో అరవడం, చేతులు విసరడం వంటివి ఉన్నాయేమో గమనించండి.

చిక్కంతా ఈ రెండింటి హద్దు చెరిగిపోయే చోటే ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్ చాలా ఏళ్లు ముదిరితే ఒళ్లో పెట్టుకున్న చేయి కూడా వణకవచ్చు. అలాంటివారిని ‘ఎసెన్షియల్ ట్రెమర్ ప్లస్’గా లెక్కించాలని 2018లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించారు. ఇటు పార్కిన్సన్స్ ఉన్నవారు చేతులు చాచి పట్టుకుంటే, కొన్ని సెకన్లు ఆగి వణుకు మళ్లీ మొదలై, చూసేవారికి ఎసెన్షియల్ ట్రెమర్‌లాగే అనిపిస్తుంది. పైగా ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవారిలో కొందరికి తర్వాత పార్కిన్సన్స్ కూడా తోడవుతుంది.

మీ అమ్మగారి విషయంలో మాత్రం నా అనుమానం ముందుగా ఆ గ్యాస్ క్యాప్సూల్ మీదికే పోతోంది. స్ట్రిప్పు మీద రాబెప్రజోల్ లేదా పాంటోప్రజోల్ పక్కన ‘లెవోసల్పిరైడ్’ అని ఉందేమో చూడండి. ఇది మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది కనుక నెలల తరబడి వాడితే అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెచ్చిపెట్టగలదు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి వాడే సినారిజిన్ కూడా అంతే. లెవోసల్పిరైడ్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో బాధపడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏడాదంతా వాడే అలవాటు మన దగ్గర బాగా ఎక్కువ.

అందులో ఆ మందు ఉంటే, డాక్టరుతో చెప్పి దాన్ని మాన్పించి, అవసరమైతే మామూలు గ్యాస్ మాత్రకు మారండి. ఫలితం వారాల నుంచి కొన్ని నెలల్లో తెలుస్తుంది. ఆ తర్వాతా లక్షణాలు తగ్గకపోతే, లోపల అప్పటికే మొదలైన పార్కిన్సన్స్‌ను ఆ మందు బయటపెట్టిందేమోనని అనుమానించాలి. ఈలోగా థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఎంఆర్‌ఐ ఈ రెండు జబ్బుల్లోనూ మామూలుగానే రావచ్చు. ఇతర కారణాలు లేవని నిర్ధారించుకోవడానికే దాని ఉపయోగం. అప్పటికీ తేలకపోతే, మెదడులో డోపమిన్ నాడుల స్థితిని చూపే ట్రోడాట్ స్కాన్ పనికొస్తుంది. పార్కిన్సన్స్‌లో అది తేడాగా కనిపిస్తుంది, ఎసెన్షియల్ ట్రెమర్‌లోనూ మందుల వల్ల వచ్చిన వణుకులోనూ సాధారణంగానే ఉంటుంది.

పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా ఎసెన్షియల్ ట్రెమర్‌ను తగ్గించదు. పాత వణుకుకు ప్రొప్రనలాల్ ఇవ్వవచ్చు గానీ, ఆస్తమా ఉంటే వాడకూడదు, నాడి మరీ నెమ్మదిగా ఉన్నా వాడకూడదు. విశాఖ కేజీహెచ్ న్యూరాలజీ విభాగంలోనో, మీకు వీలైన న్యూరాలజిస్టు దగ్గరో ఒకసారి చూపించండి. ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ, ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడూ నూలు వడుకుతున్నప్పుడూ ఫోన్‌లో తీసిన వీడియోలూ వెంట తీసుకెళ్లండి.